బాగున్న బల్బు

ముందే చెప్పేస్తున్నాను, నాకు నోరెక్కువ. ఆ నోటితో నేను చేసిన చెడు కూడా ఈ కథలో ఉంది. నా సంగతి దాచి ఆయన సంగతి చెబితే అది మళ్ళీ ఇంకో మోసం అవుతుంది.

ఆయన్ని మా డ్రైవర్లందరం జంటాయన అనేవాళ్ళం. కార్లకు కరెంటు పని చేస్తాడు. బ్యాటరీలు, హారన్లు, వైర్లు అన్నీ చూసినా, పేరు మాత్రం హెడ్‌లైట్ల వల్ల వచ్చింది. హెడ్‌లైట్ బల్బు ఒక్కటి మార్చమంటే ఆయన ఛస్తే మార్చడు. చెప్పుల షాపులో ఒక్క చెప్పు అడిగినవాణ్ణి చూసినట్టు చూస్తాడు. "రెండూ ఒకే రోజు పుట్టినవి. ఒకటి పోయిందంటే రెండోది కూడా సంచి సర్దుకుంటోందని అర్థం" అని రెండూ మారుస్తాడు. ఎంత గొడవపడినా, ఎంత బతిమాలినా ఆ మాట మీద నుంచి దిగడు.

నాకు ఏడుగురు పట్టే బండి ఉంది. తెల్లవారక ముందే బయల్దేరి, మొదటి షిఫ్టుకు వెళ్ళే నర్సులను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రిలో దింపడం నా పని. దారిలో మూడు కిలోమీటర్లు కాలవ గట్టు. ఒక్క వీధి దీపం లేదు, పక్కన గోడ లేదు. ఆ మూడు కిలోమీటర్లూ నాకు దిక్కు నా బండి లైట్లే.

ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్ళింది ఆరేళ్ళ కిందట. తోటి డ్రైవరు ఒకడు నీలంగా మెరిసే తెల్ల లైట్లు పెట్టించి ఊరంతా చూపించుకుంటున్నాడు. నాకూ అవే కావాలన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ షెడ్డులోంచి వచ్చి బల్బు సంగతి వదిలేసి నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. ఏ రోడ్డు? ఎన్ని గంటలకి? మంచు పడుతుందా? వెనక ఎవరు కూర్చుంటారు?

"ఏంటి బాబాయ్, బల్బు అడిగితే సంబంధం చూడ్డానికి వచ్చినట్టు అడుగుతున్నారు?" అన్నాను.

"నీకు దారి కనబడాలా, దారికి నువ్వు కనబడాలా? అది తేల్చుకుని చెప్పమ్మా."

నాకు నవ్వొచ్చింది. అంతలోనే ఆయన బానెట్ ఎత్తి, లైటు వెనక రబ్బరు తొడుగు తీసి, స్ప్రింగు వదులు చేసి, తెల్లటి గుడ్డతో పాత బల్బును బయటికి తీశాడు. దాని మెడకు ఉన్న లోహపు పట్టీ మీద అచ్చువేసిన అంకెలు చూపించాడు. "ఇది నీ బండి అడిగే బల్బు. నువ్వు అడిగేది వేరు. మన ముగ్గురిలో నేను బండి మాట వింటాను. ఎక్కువ వాట్లది పెడితే నాలుగు రోజులు దర్జాగా ఉంటుంది, అయిదో రోజు వైర్లు ఉడుకుతాయి. తెల్లది పెడితే మంచులో వెలుగంతా తిరిగొచ్చి నీ కళ్ళలోనే పడుతుంది. మామూలు పసుపు వెలుగు పెట్టుకో. అందంగా ఉండదు. ఇంటికి చేరుస్తుంది."

ఆ మామూలు పసుపు వెలుగుతో నాలుగేళ్ళు నేను ఏ గోతిలోనూ పడలేదు.

ఆయన పని చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం. బల్బు గాజును చేత్తో ముట్టుకోడు. వేలి జిడ్డు అంటితే అక్కడ గాజు ఎక్కువ వేడెక్కి, నెలలు ఆడాల్సిన బల్బు వారాల్లో పోతుందట. అందుకే ఎప్పుడూ గుడ్డ. జంటలో ఒకటే కాలిపోయి ఉంటుంది కదా, రెండోది ఇంకా వెలుగుతూనే ఉంటుంది. ఆ బాగున్న దాన్ని పారెయ్యడు. దాని మెడ పట్టీ మీద, ఊడదీసిన నెల, సంవత్సరం సూదితో గీకి, పైఅరలో ఉన్న రేకు బిస్కెట్ డబ్బాలో వేస్తాడు. దారిలో బల్బు పోయి ఎవరైనా దిక్కులు చూస్తూ వస్తే, డబ్బాలోంచి ఒకటి తీసి పెట్టేస్తాడు. "ఇది పాతది, ఇల్లు చేరేదాకే. రేపు మీ ఊళ్ళో కొత్త జత వేయించుకోండి" అని చెప్పి మరీ పంపిస్తాడు. ఏమీ పుచ్చుకోడు. ఆయన ఏడు అంకె వేస్తే నడుముకు అడ్డంగా చిన్న గీత గీస్తాడు. నేను ఆటపట్టిస్తే, "నడుం కట్టకపోతే అది ఒకటిలా కనబడుతుందమ్మా" అనేవాడు.

షాపులో వెనక షెడ్డు ఆయనది. ముందు కౌంటరు తమ్ముడిది. సరుకు తెప్పించడం, అమ్మడం అన్నీ తమ్ముడే. తండ్రి పోయినప్పుడు ఈయనకు పదిహేడు, తమ్ముడికి ఆరు. బడి మానేసి స్పానర్ పట్టుకుని వాణ్ణి చదివించాడు, పెళ్ళి చేశాడు, కౌంటరు కట్టించి కూర్చోబెట్టాడు. ఆయనకు పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే ఆయన భార్య, మేం పిన్ని అనేవాళ్ళం, చటుక్కున అందుకునేది. "లేకపోవడమేంటి? అదిగో, కౌంటర్లో కూర్చుని టీ తాగుతున్నాడు."

తమ్ముడు కూడా అలాగే ఉండేవాడు. అన్నయ్యకు చక్కెర లేని టీ తనే తెచ్చేవాడు. అరవై దగ్గరపడి అన్నయ్యకు దగ్గరి చూపు మందగిస్తే, "కళ్ళజోడు పెట్టుకుని ఆ నూనెలో, దుమ్ములో నువ్వేం పని చేస్తావు అన్నయ్యా? పెట్టె మీద నంబర్లు నేను చదివి పెడతాగా, నువ్వు బిగించు చాలు" అనేవాడు. కౌంటరు దగ్గరే బల్బు పెట్టె తెరిచి, నంబరు గట్టిగా చదివి, అన్నయ్య గుడ్డలో పెట్టేవాడు. ఆయన తడిమి చూసుకుని నేరుగా తీసుకెళ్ళి బిగించేవాడు. కళ్ళజోడు పని అలా వాయిదా పడుతూ వచ్చింది. అది చూసినప్పుడల్లా నాకు ముచ్చటేసేది. నాకూ ఒక తమ్ముడున్నాడు, ఫోన్ చేస్తే ఎత్తడు.

ఆ తర్వాత నా లైట్లు సతాయించడం మొదలుపెట్టాయి. కొత్త జత వేయించాను, నలభై రోజులకు ఎడమది పోయింది. ఆయన నొచ్చుకుని ఇంకో జత వేశాడు. అది రెండు నెలలు ఆడింది. మూడోసారి వెళ్ళేసరికి ఆయనకు పట్టుదల వచ్చింది.

"బల్బులో ఏం లేదు. లోపం నీ బండిలో ఉంది" అన్నాడు.

"బల్బే నాసిదేమో బాబాయ్?"

"మా తమ్ముడు తెచ్చిన సరుకమ్మా అది" అన్నాడు. ఇక ఆ మాటకు పైన మాట లేదన్నట్టే.

ఒక పూటంతా నా బండి మీదే కూర్చున్నాడు. మీటరు పెట్టి బ్యాటరీ చూశాడు, ఆల్టర్నేటర్ చూశాడు, ఇంజను రేజు చేయమని కరెంటు పెరుగుతోందా అని చూశాడు, లైటు డొప్పలోకి నీళ్ళు దిగుతున్నాయా అని వేలు పెట్టి తడిమాడు. ఆఖరికి ఒక ఎర్త్ వైరుకు కాస్త తుప్పు కనబడింది. పోయిన ఉంగరం దొరికినంత సంతోషపడ్డాడు. కొత్త వైరు వేసి, కూలి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తోసి, "ఇక బెంగ లేదు పో" అన్నాడు.

సరిగ్గా అయిదు వారాలు. ఒకరోజు తెల్లవారుజామున సన్నగా వాన. బండిలో నలుగురు నర్సులు. కాలవ గట్టు మలుపులో ఎడమ లైటు పోయింది. నెమ్మదిగా పోదామనుకునేలోపే కుడిది కూడా ఆరిపోయింది. బ్రేకు తొక్కాను. బండి జారి ఆగింది. దిగి చూస్తే ముందు చక్రానికీ గట్టు అంచుకీ మధ్య నా పాదం పట్టేంత చోటుంది. వాళ్ళలో పెద్దావిడ దిగి, ఫోన్ లైటు పట్టుకుని వానలో ముందు నడిచింది. ఆ వెలుగు వెనకాల మెయిన్ రోడ్డు దాకా బండిని పాకించాను. ఆసుపత్రి దగ్గర దిగుతూ ఒకమ్మాయి, "రేపటి నుంచి మేం బస్సులో వస్తాం అక్కా" అంది.

ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చుని ఆ రెండు బల్బులూ నేనే ఊడదీశాను. ఎందుకో తెలియదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక అనుకోండి. కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, మెడ పట్టీ మీద సన్నగా ఏదో మెరిసింది. గీత. ఇంకాస్త వెలుగులో పెట్టాను. అంకెలు. ఏడో నెల, రెండేళ్ళ కిందటి సంవత్సరం. ఏడుకు నడుం మీద అడ్డగీత.

కొత్తదని నాకు పెట్టిన బల్బు, రెండేళ్ళ కిందట ఎవరి బండిలోంచో ఊడదీసింది. రాత ఆయనది. ఊరందరిలో ఒక్కడు మోసం చెయ్యడనుకున్న మనిషి, నలుగురు ఆడవాళ్ళను పెట్టుకుని నేను కాలవ గట్టు మీద వెళ్తానని తెలిసిన మనిషి, నా బండికి లోపం అంటగట్టి పూటంతా నాటకం ఆడాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. కన్నతండ్రే మోసం చేస్తే ఎలా ఉంటుందో నాకు అలాగే ఉంది.

నేరుగా షాపుకు వెళ్ళి ఉంటే బాగుండేది. వెళ్ళలేదు. డ్రైవర్లు కూర్చునే టీ బంకు దగ్గర ఆగి, బల్బు అందరికీ చూపించి, జంటాయన పాతవి కొత్తవని అంటగడుతున్నాడని నోరారా చెప్పాను. అక్కడ పదకొండు మంది ఉన్నారు. పదకొండు మందీ విన్నారు.

షాపులో తమ్ముడు లేడు, టీ తేవడానికి వెళ్ళాడు. ఆయన బెంచీ మీద ఏదో హారన్ విప్పుతున్నాడు. ఇద్దరు కస్టమర్లు నిలబడి ఉన్నారు. నేను బల్బు ఆయన ముందు పడేశాను.

"చూడండి బాబాయ్! మీ సూది రాతేనా కాదా? నలుగురి ప్రాణాలు పోయేవి ఇవాళ! మిమ్మల్ని దేవుడనుకున్నాను, నాదీ బుద్ధి తక్కువ!"

ఆయనకు అర్థం కాలేదు. బల్బును గుడ్డతో తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టాడు. కనబడలేదు. "నీ కళ్ళజోడు ఒకసారి ఇయ్యమ్మా" అన్నాడు. విసురుగా ఇచ్చాను. పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"రాత నాదే" అన్నాడు.

"విన్నారా?" అని నేను ఆ ఇద్దరి వైపు తిరిగాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని బయటికి జారుకున్నారు. ఆయన ఇంకా బల్బునే తిప్పుతున్నాడు. గాజు మీద ఒకచోట తెల్లగా పొంగినట్టు మచ్చ ఉంది, దాన్ని గోరుతో కాదు, గుడ్డ కొసతో తుడిచాడు. పోలేదు.

"వేలు నాది కాదు" అన్నాడు, నాతో కాదు.

లేచి వెళ్ళి పైఅరలోంచి బిస్కెట్ డబ్బా దించాడు. మూత తీసి బోర్లిస్తే, పైపైన ఉంచిన రెండు తప్ప అన్నీ నల్లగా మాడిపోయిన బల్బులు. గీకినవి ఆ రెండే. డబ్బా అలాగే వదిలేసి కౌంటరు వెనక్కి వెళ్ళాడు. అరలోంచి ఒక కొత్త పెట్టె తీసి, మూత మీది గుండ్రటి స్టిక్కరు కోసి, బల్బు బయటికి తీశాడు. పట్టీ చూశాడు. బెంచీ మీద పెట్టాడు. రెండో పెట్టె. మూడోది. స్టిక్కర్లన్నీ ఒకేలా ఉన్నాయి, నిగనిగలాడుతున్నాయి. తొమ్మిదో పెట్టె దాకా లెక్కపెట్టి నేను ఆపేశాను. ఆయన అలవాటు కొద్దీ వాటిని రెండేసి చొప్పున పెట్టబోయాడు. ఏ రెండు బల్బుల నెలా కలవలేదు.

అప్పుడు వచ్చాడు తమ్ముడు, రెండు గ్లాసులతో. బెంచీ మీదికి చూశాడు. అయినా ముందు అన్నయ్య గ్లాసు అన్నయ్య పక్కన పెట్టాడు.

"ఇవేంట్రా?" అన్నాడు ఆయన.

తమ్ముడు ఒకసారి నన్ను చూసి, "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అన్నయ్యా" అన్నాడు.

"ఇక్కడే చెప్పు. ఈ అమ్మాయి బండిలోనే పోయాయి కదా."

"నువ్వే అంటావుగా, బాగున్న బల్బులని! దారినపోయే ప్రతివాడికీ ఊరికే పంచిపెడుతుంటే నేను కౌంటర్లో కూర్చుని చూస్తూ ఉండాలా? మాడిపోయినవి ఒక్కటి అమ్మానేమో చూపించు. వెలిగేవే అమ్మాను."

"కొత్తవని అమ్మావు."

"పెట్టెలు కొత్తవేగా" అన్నాడు తమ్ముడు. అన్నాక ఆ మాట తనకే ఎబ్బెట్టుగా తోచినట్టుంది, గొంతు తగ్గించాడు. "షాపు నడవాలి కదా అన్నయ్యా. అందరూ చేసేదే."

"ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళు అయి ఉంటుంది."

ఆయన నా కళ్ళజోడులోంచి తమ్ముణ్ణి చూస్తూ నిలబడ్డాడు. దగ్గరి చూపు అద్దాలు అవి, వాటిలోంచి అంత దూరంలో ఉన్న మనిషి మసకగా కనబడతాడు. ఆ సంగతి ఆయన గమనించలేదు.

"నాకు కళ్ళజోడు వద్దన్నావే," అన్నాడు మెల్లగా, "అందుకేనా?"

తమ్ముడు టీ గ్లాసు వైపు చూసి, "చల్లారిపోతోంది అన్నయ్యా" అన్నాడు.

ఆయన కళ్ళజోడు తీసి, శుభ్రమైన గుడ్డ వెతికి, రెండు అద్దాలూ తుడిచి నా చేతికి ఇచ్చాడు. "నీ బండి మీద అనవసరంగా నింద వేశానమ్మాయ్. దానిలో ఏ లోపమూ లేదు" అన్నాడు. నన్ను కాదు, నా బండిని క్షమాపణ అడిగినట్టుంది. నేను అన్న మాటల గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

మర్నాడు షాపు ముందు బోర్డు పెట్టాడు. ఈ రెండేళ్ళలో ఇక్కడ హెడ్‌లైట్ బల్బులు వేయించుకున్నవాళ్ళు బండి తీసుకురావాలని, మంచి జత ఉచితంగా వేస్తానని, జరిగిన తప్పుకు క్షమించాలని. కింద తన పేరు. తమ్ముడి పేరు ఎక్కడా లేదు. నాకు ఒళ్ళు మళ్ళీ మండింది.

"చేసింది ఎవరో రాయండి బాబాయ్! మీ పేరు పెడితే అందరూ మీరే చేశారనుకుంటారు."

"బిగించింది నేనేగా. గుడ్డి నమ్మకంతో బిగించినా బిగించడమే కదమ్మా."

ఆ మంచితనం మీద కూడా నాకు కోపం వచ్చింది. వచ్చి ఏం లాభం? నెల తిరక్కుండా తమ్ముడు వేరుపడి, రోడ్డుకు అవతలి వైపు అద్దాల షాపు తెరిచాడు. ముందు వరసలోనే నీలంగా మెరిసే తెల్ల లైట్లు. ఎవరైనా పాత సంగతి అడిగితే, "మా అన్నయ్యే ఒప్పుకుని బోర్డు పెట్టాడుగా, ఇక నేను చెప్పేదేముంది?" అని జాలిగా తల ఊపుతాడట. నేను టీ బంకు దగ్గరికి వెళ్ళి అదే పదకొండు మందికీ అసలు సంగతి చెప్పాను. గొంతు చించుకుని చెప్పాను. ఇద్దరు విన్నారు. మిగతావాళ్ళు, "పోనీలే అక్కా, అన్నదమ్ములిద్దరూ కలిసే చేసి ఉంటారు" అన్నారు. మొదటిరోజు నేను చెప్పింది మాత్రం అక్షరం పొల్లుపోకుండా అందరికీ గుర్తుంది.

పిన్నిని ఒకసారి కూరగాయల దగ్గర కలిశాను. బాబాయ్ ఎలా ఉన్నాడని అడిగాను. "టీలో చక్కెర వేసుకుంటున్నాడు" అంది.

నర్సులు మళ్ళీ నా బండి ఎక్కుతున్నారు. బోర్డు పెట్టిన వారమే ఆయన నాకు వేరే షాపు నుంచి కొత్త జత తెప్పించి వేశాడు. అది ఏడాదిన్నర ఆడింది. పోయిన నెల కుడిది పోతే వెళ్ళాను. షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. దళసరి ఫ్రేము కళ్ళజోడు, జారకుండా వెనక తాడు. కౌంటరు ఖాళీ. నన్ను రోడ్డూ, టైమూ ఏమీ అడగలేదు. పెట్టె తీసి, స్టిక్కరు కోసి, బల్బు మెడ పట్టీని నాలుగు వైపులా తిప్పి చూశాడు. చూసి గుడ్డతో సహా నా చేతిలో పెట్టాడు.

"నువ్వూ చూడు."

"మీరు చూశారుగా బాబాయ్."

"చూడమ్మా."

చూశాను. గీత లేదు. బాగానే ఉందన్నాక గానీ బిగించలేదు. రెండోది కూడా అంతే. జంట మాత్రం మానలేదు, రెండూ మార్చాడు.

ఊడదీసిన వాటిలో ఎడమది ఇంకా వెలుగుతోంది. బ్యాటరీకి తగిలించి చూశాడు, పసుపు వెలుగు నిండుగా వచ్చింది. నేను అలవాటుగా పైఅర వైపు చూశాను. బిస్కెట్ డబ్బా అక్కడే ఉంది, నిండా మేకులు. ఆయన బల్బును గుడ్డలో చుట్టి, ఇనప దిమ్మె మీద పెట్టి, సుత్తి అందుకున్నాడు.

"బాబాయ్! అది బాగున్న బల్బు కదా?"

"బాగున్నదే" అన్నాడు. "కాస్త పక్కకి జరుగమ్మా, పెంకులు ఎగురుతాయి."

రెండు దెబ్బలు వేశాడు. గాజుకు ఒక్కటి చాలు. రెండోది మెడ పట్టీ మీద, ఒకప్పుడు సూదితో నెల రాసే చోట వేశాడు.